మండపేట వైపు గోల్డెన్‌డూడుల్ కెన్నెల్ రివ్యూ: ఎఫ్1, ఎఫ్1బి లెక్క తెలుసుకుని వెళ్ళండి

5కి 4 స్టార్లు ఇస్తున్నానండి. కుక్కపిల్లకి తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాళ్ళ అమ్మానాన్నలు ఎవరు అని అడిగితే విసుక్కోకుండా ఫైలు తీసి ముందు పెట్టారు, ఆ 4 అందుకే. తీసేసిన ఒకటి ఎందుకో కింద రాస్తా. ఇంట్లో నడుపుకునేవాళ్ళు, అడ్రస్ పబ్లిగ్గా పెట్టొద్దన్నారు కాబట్టి పేరు రాయట్లేదు. జొన్నాడ దాటి ఆలమూరు మీదుగా మండపేట వెళ్ళే దారిలో లోపలికి వెళ్తే కొబ్బరి తోటలో ఇల్లు, వెనకాల షెడ్డు, భార్యాభర్తలిద్దరే చూసుకుంటారు, బోర్డు అదీ ఏమీ ఉండదు.

మాది అమలాపురం. పిల్లలు ఇన్‌స్టాలో రీల్స్ చూసి గోల్డెన్‌డూడుల్ కావాలని పట్టు పట్టారు. గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్కకీ పూడుల్ జాతి కుక్కకీ పుడితే గోల్డెన్‌డూడుల్, లాబ్రడార్‌కీ పూడుల్‌కీ పుడితే లాబ్రడూడుల్, రెండిటికీ తరాల లెక్క (ఎఫ్1, ఎఫ్1బి, ఎఫ్2 లాంటి పేర్లు, ఏది ఏంటో కింద రాశా) ఒకటే. సరే అని ఫోన్లు చేయడం మొదలెడితే ఒక్కొక్కళ్ళు ఒక్కో అంకె చెప్పారు. ఒకాయన "మాది ఎఫ్2 అండి, ఎఫ్1 కంటే అప్‌గ్రేడ్" అని పదివేలు ఎక్కువ చెప్పాడు. ఇంకో చోట నుంచి ఎఫ్1బి అని రాసి ఫొటోలు పంపారు, చూస్తే తల్లీ డూడులే తండ్రీ డూడులే, మరి అది ఎఫ్1బి ఎలా అవుద్దండి? అడిగితే "అందరూ అలాగే అంటారు మేడమ్" అని ఫోన్ పెట్టేశారు. మన జిల్లాల్లో ఈ క్రాసుల మీద జనం బాగానే డబ్బు పెడుతున్నారు, ఏం కొంటున్నారో తెలిసి కొనాలి కదా, అందుకే ఈ రివ్యూ కొంచెం పెద్దగా రాస్తున్నా.

మండపేట అక్క (పెద్దావిడ, మేం అక్కా అనే పిలిచాం) మేం వెళ్ళగానే కుక్కపిల్లల్ని చూపించలేదు. "ముందు కూర్చోండమ్మా, పిల్లల్ని తర్వాత చూద్దురుగాని, వాటిని చూసాక నా మాట ఎవరి చెవికీ ఎక్కదు" అని పాత క్యాలెండర్ పేజీ వెనక్కి తిప్పి గీయడం మొదలెట్టారు. అసలు గోల్డెన్, అసలు పూడుల్, ఈ రెండిటికీ పుట్టింది ఎఫ్1, సగం సగం. ఆ ఎఫ్1ని మళ్ళీ అసలు పూడుల్‌తో కలిపితే ఎఫ్1బి, అంటే లెక్క ప్రకారం 75 శాతం పూడుల్. ఆ ఎఫ్1బిని కూడా మళ్ళీ పూడుల్‌తోనే కలిపితే ఎఫ్1బిబి, 87.5 శాతం. ఎఫ్1కీ ఎఫ్1కీ పుడితే ఎఫ్2. ఎఫ్1కీ ఎఫ్1బికీ పుడితే ఎఫ్2బి అంటారు, 62.5 శాతం. ఇంకా ముందుకెళ్తే ఎఫ్3, మల్టీజెన్ అని పేర్లు, అక్కడికొచ్చేసరికి ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పిలుచుకుంటారు.

మా మామయ్య గారు కూడా వచ్చారు. జీవితమంతా పాడి మీద బతికిన మనిషి, ఆ క్యాలెండర్ పేజీ వంక చూసి "ఇందులో కొత్తేవుందమ్మా, మన నాటు గేదెకి ముర్రా సూది వేయించడమే కదా" అన్నారు. ఆవిడ మొహం వెలిగిపోయింది, "ఆయ్, అదేనండి బాబాయ్ గారూ" అన్నారు. నాటు గేదెకి ముర్రా సూది (ముర్రా జాతి దున్న వీర్యం సూదితో ఎక్కించడం) వేయిస్తే పుట్టిన పెయ్య సగం ముర్రా, ఆ పెయ్య ఎదకొచ్చినప్పుడు మళ్ళీ ముర్రా సూదే వేయిస్తే దాని దూడ ముప్పావు ముర్రా, అలా గ్రేడు చేసుకుంటూ పోతేనే మన గోదావరి జిల్లాల్లో గ్రేడెడ్ ముర్రాలు తయారయ్యాయి. ఎఫ్1బి అన్నా అదే పని. "మరి సగం రకం పెయ్యకి సగం రకం దున్నపోతునే కట్టిస్తే?" అని మా ఆయన అడిగితే మామయ్య గారే చెప్పారు, "ఒకదానికి ముర్రా కొమ్ము చుట్ట తిరుగుద్ది, ఒకదానికి నాటు కొమ్ము కత్తిలా వెనక్కెళ్ళుద్ది, ఏది పడుద్దో బ్రహ్మక్కూడా తెలీదు". అదే ఎఫ్2 అండి. పదివేలు ఎక్కువ చెప్పినాయన అప్‌గ్రేడ్ అన్నది దాన్నే.

ఎందుకలా అవుద్దంటే, ఎఫ్1లో ప్రతి పిల్లకీ ఒక సెట్టు క్రోమోజోములు గోల్డెన్ నుంచి, ఒక సెట్టు పూడుల్ నుంచి తప్పకుండా వస్తాయి (కుక్కకి 39 జతలు). కాబట్టి పిల్లలన్నీ కొంచెం అటూఇటూగా ఒకే మాదిరి ఉంటాయి. ఆ ఎఫ్1లు రెండూ కలిసినప్పుడు మాత్రం పేకముక్కలు మళ్ళీ కలిపినట్టే, ఒక పిల్లకి ఒకచోట రెండూ గోల్డెన్‌వే పడొచ్చు, ఇంకో పిల్లకి అదేచోట రెండూ పూడుల్‌వే పడొచ్చు. ఇది బొచ్చులో బాగా కనిపిస్తుంది. డూడుల్ అనగానే మనకి గుర్తొచ్చే ఆ గడ్డం, మీసం, కళ్ళమీద కనుబొమ్మలు, వీటిని ఫర్నిషింగ్స్ అంటారు, ఆర్ఎస్‌పీఓ2 అనే జీన్ వల్ల వస్తాయి, ఒక్క కాపీ ఉన్నా చాలు కనిపిస్తాయి. పూడుల్‌కి మామూలుగా రెండు కాపీలు ఉంటాయి, గోల్డెన్‌కి అసలుండదు. కాబట్టి ఎఫ్1 పిల్లలన్నిటికీ ఒక్కో కాపీ, అన్నిటికీ గడ్డం వస్తుంది. ఎఫ్1బిలో కూడా పూడుల్ వైపు నుంచి ఒకటి తప్పకుండా వస్తుంది కాబట్టి అన్నిటికీ గడ్డం. ఎఫ్2లో మాత్రం సగటున నాలుగింట ఒక పిల్లకి ఏ వైపు నుంచీ రాదు, దాని మొహం నున్నగా మామూలు రిట్రీవర్‌లా ఉంటుంది, బొచ్చు కూడా రాలుతుంది. ఆ పిల్ల మంచి కుక్కే అవుద్ది, దాన్ని కొన్నవాళ్ళు మాత్రం డూడుల్ మొహం కోసం డబ్బిచ్చి ఉంటారు.

దీన్ని ఆవిడ చేత్తో చూపించారు. ఒక పిల్లని ఒళ్ళో పెట్టుకుని మూతి వెలుగువైపు తిప్పి "ఇక్కడ చూడండమ్మా" అన్నారు. ముక్కు పైన, రెండు కళ్ళ మధ్య వెంట్రుకలు పడుకోకుండా నిటారుగా లేచి పక్కలకి విరుచుకుంటున్నాయి, పై పెదవి అంచున చిన్న చిన్న మీసాలు కిందకి జారుతున్నాయి. ఆ వయసుకే తెలిసిపోద్దట. మీరు ఎక్కడ కొన్నా సరే ముందు ఇది చూడండి, 8 వారాల పిల్ల ముక్కు మీద బొచ్చు లాబ్రడార్‌లా నున్నగా అతుక్కుని ఉంటే అమ్మేవాడు "పెద్దయ్యాక వస్తుందండి" అన్నా నమ్మొద్దు.

ఇంకో సంగతి, ఆ శాతాలు సగటు లెక్కలు. ఎఫ్1బి పిల్లకి తండ్రి పూడుల్ నుంచి వచ్చిన సగం పూర్తిగా పూడులే, కానీ ఎఫ్1 తల్లి నుంచి వచ్చే సగంలో గోల్డెన్ ముక్కలు ఎన్ని పడతాయో పూడుల్ ముక్కలు ఎన్ని పడతాయో పిల్లపిల్లకీ మారిపోతుంది. అందుకే ఒకే ఈతలో ఒక పిల్ల 70 దగ్గర, ఇంకోటి 80 దగ్గర ఉండొచ్చు. మీకు కావలసిన బొచ్చు, గుణం పేపర్ మీద శాతంలో దొరకవు, పిల్లని చూసి, తల్లిదండ్రుల్ని చూసి ఎంచుకోవాల్సిందే. ఆవిడ తల్లి కుక్కని మా దగ్గరికి వదిలారు, నల్లగా ఎత్తుగా ఉంది, మా చిన్నోడి చొక్కా వాసన చూసి పక్కనే కూర్చుంది. కొత్తవాళ్ళని చూసి మొరిగే తల్లి, మంచం కింద దూరే తల్లి అయితే నేనైతే వద్దనుకునేదాన్ని, ఏ తరం అని రాసున్నా సరే.

తల్లి నల్లగా ఉందన్నాను కదా, మా పిల్లలు "గోల్డెన్ కూతురు నల్లగా ఎలా ఉంది" అని అడిగారు. దాని తండ్రి నల్ల స్టాండర్డ్ (పెద్ద సైజు) పూడుల్. ఈ రంగు సంగతి నాకు బాగా నచ్చింది ఎందుకంటే పేపర్లు నిజమో కాదో ఇంట్లో కూర్చుని చెక్ చేసుకోవచ్చు. గోల్డెన్ రిట్రీవర్ల బంగారు రంగు ఒక రిసెసివ్ జీన్, రెండు కాపీలూ ఉంటేనే కనిపిస్తుంది, ఆప్రికాట్ పూడుల్‌దీ అదే జీన్. కాబట్టి గోల్డెన్‌కీ ఆప్రికాట్ పూడుల్‌కీ పుట్టిన పిల్లలు క్రీమ్ నుంచి ఎరుపు మధ్యలో ఏదో ఒక రంగు వస్తాయి గానీ నల్ల పిల్ల రాదు. మేం ముందు ఫోన్ చేసిన ఒక చోట తల్లి గోల్డెన్, తండ్రి ఆప్రికాట్ అని చెప్పి పంపిన ఫొటోలో ఒక నల్ల పిల్ల ఉంది. అప్పుడు నాకు తెలీక ముద్దుగా ఉందనుకున్నాం, ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఈతకి తండ్రి వేరే అయినా అయ్యుండాలి, లేదా ఇద్దరు తండ్రులైనా అయ్యుండాలి. కుక్కల్లో ఒకే ఈతకి ఇద్దరు తండ్రులు ఉండటం జరిగేదే, ఎదలో ఉన్నప్పుడు రెండు మగవాటితో కలిస్తే అలా అవుద్ది. అనుమానం ఉంటే డీఎన్ఏ పేరెంటేజ్ టెస్ట్ ఒక్కటే దారి.

ఇప్పుడు అసలు విషయం, నేను ఈ రివ్యూ రాయడానికి పెద్ద కారణం ఇదే. ఎఫ్1బి అన్న అక్షరాలు మీకు ఒక లెక్క చెప్తాయి గానీ ఆ పూడుల్ ఎవరో చెప్పవు. మన వైపు పూడుల్ మగవి ఎన్ని ఉంటాయండి, ఒక్కో చోట ఒకటే ఉంటుంది. ఆ ఒక్క పూడుల్‌కి పుట్టిన ఎఫ్1 ఆడపిల్లని పెంచి, పెద్దయ్యాక మళ్ళీ దాని తండ్రికే కట్టిస్తే, పుట్టేవి కూడా ఎఫ్1బి అనే అంటారు, 75 శాతం పూడుల్ అనే రాస్తారు, అబద్ధం ఒక్క ముక్క ఉండదు. కానీ అది తండ్రీకూతుళ్ళ కలయిక. అలాంటి పిల్లల్లో ఏ జీన్ తీసుకున్నా రెండు కాపీలూ ఆ తండ్రిలోని ఒకే కాపీకి నకళ్ళు అయ్యే అవకాశం 25 శాతం ఉంటుంది. ఆ తండ్రిలో బయటపడకుండా దాగున్న రోగం ఏదైనా ఉంటే పిల్లల్లో బయటపడేది ఇలాగే. మామయ్య గారు దీనికి చాలా కోప్పడ్డారు, "దూడకి దాని తండ్రి సూదే వేయించేవాణ్ణి ఊళ్ళో ఎవరైనా పాడి రైతంటారా" అని.

అందుకని నేను సూటిగా అడిగాను, ఈ పిల్లల తండ్రీ, వీటి తల్లికి తండ్రీ ఒకటేనా అని. ఆవిడ ఏమీ అనుకోలేదు, ఫైల్లో రెండు కాయితాలు పక్కపక్కన పెట్టారు. తల్లికి తండ్రి నల్ల స్టాండర్డ్ పూడుల్, వేరేవాళ్ళది, దాని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా (కేసీఐ, జాతి కుక్కల్ని రిజిస్టర్ చేసే సంస్థ) సర్టిఫికెట్ జిరాక్సు ఉంది. ఇప్పటి పిల్లల తండ్రి ఆప్రికాట్ మినియేచర్ పూడుల్, వీళ్ళదే, దాని సర్టిఫికెట్ ఒరిజినల్. రెండిటి మీదా మైక్రోచిప్ నంబర్లు వేరు, పైన తాతముత్తాతల పేర్లలో కూడా ఒక్కటీ కలవలేదు, నేనూ మా ఆయనా కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. తర్వాత వాళ్ళాయన స్కానర్ తెచ్చి తండ్రి మెడ మీద పెట్టి చూపించారు, కాయితం మీద నంబరూ స్కానర్‌లో నంబరూ ఒకటే. ఇంత ఓపిగ్గా చూపించినవాళ్ళు నాకు వేరే ఎక్కడా దొరకలేదు. మీరు ఎక్కడికెళ్ళినా తరం అంకె ఒక్కటీ విని వచ్చేయకండి, పేర్లు అడగండి, నంబర్లు అడగండి.

ఇక్కడే ఒక మాట. "మా డూడుల్స్‌కి కేసీఐ పేపర్స్ ఇస్తామండి" అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. గోల్డెన్‌డూడుల్, లాబ్రడూడుల్ క్రాసులు, వాటిని జాతిగా కెన్నెల్ క్లబ్ గుర్తించలేదు, అమెరికన్ కెన్నెల్ క్లబ్ కూడా గుర్తించలేదు. పేపర్లు ఉండగలిగేది అసలు జాతి తల్లికీ అసలు జాతి తండ్రికీ మాత్రమే. ఎఫ్1 కొంటే రెండు వైపులా అవి అడగండి, ఎఫ్1బి కొంటే పూడుల్‌దీ, తల్లి వైపు తాతా అమ్మమ్మలవీ అడగండి.

హెల్త్ విషయానికొస్తే క్రాస్ కాబట్టి రోగాలు రావు అనేది చాలామంది చెప్పే మాట, సగమే నిజం. ఒక జాతిలోనే ఉండే రిసెసివ్ రోగం, ఉదాహరణకి గోల్డెన్లలో ఇక్తియోసిస్ అని చర్మం పొలుసులు రాలే జబ్బు, ఎఫ్1లో బయటపడటం కష్టం ఎందుకంటే పూడుల్ వైపు నుంచి మామూలుగా మంచి కాపీ వస్తుంది. కానీ పీఆర్ఏ అని మెల్లిగా చూపు పోయే జబ్బు ఉంది, దాంట్లో పీఆర్‌సీడీ అనే రకం గోల్డెన్లలో, లాబ్రడార్లలో, పూడుల్స్‌లో మూడిట్లోనూ ఉంది, తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే (తమకి జబ్బు లేకుండానే ఆ జీన్ మోసేవాళ్ళయితే) ఎఫ్1 పిల్లకైనా రావొచ్చు. తుంటి కీలు జారే హిప్ డిస్‌ప్లాసియా కూడా రెండు వైపులా ఉంది, అది ఒక్క జీన్‌తో పోయేది కాదు, ఎక్స్‌రే తీయించి చూడాలి. వీళ్ళ దగ్గర తండ్రికీ తల్లికీ పీఆర్‌సీడీ డీఎన్ఏ రిపోర్టులు ఉన్నాయి, ఇద్దరూ క్లియర్. పూడుల్‌కి వాన్ విల్లెబ్రాండ్ అనే రక్తం గడ్డకట్టని జబ్బు టెస్టు కూడా చేయించారు. తల్లికి రెండేళ్ళు నిండాక తీసిన తుంటి ఎక్స్‌రే ఉంది. తండ్రికి తుంటి ఎక్స్‌రే లేదు, మోకాలి చిప్ప జారడం చిన్న పూడుల్స్‌లో ఎక్కువ కదా, దానికి డాక్టర్ చేత్తో చూసి రాసిన కాయితం ఉంది. తండ్రి ఎక్స్‌రే కూడా చేయించమని చెప్పి వచ్చాం.

సైజు గురించి అందరూ అడుగుతున్నారు. పూడుల్ మూడు సైజులు, అమెరికన్ లెక్కలో భుజం దగ్గర 15 అంగుళాలు దాటితే స్టాండర్డ్, 10 నుంచి 15 మినియేచర్, 10 లోపు టాయ్. గోల్డెన్ ఆడది ఇరవై రెండు అంగుళాలు అటూఇటూ ఉంటుంది. మినియేచర్ తండ్రీ గోల్డెన్ తల్లీ అంటే పిల్లలు సరిగ్గా మధ్యలో ఆగుతాయని లెక్క కట్టకండి, కొన్ని అటు కొన్ని ఇటు పోతాయి, తల్లి ఎంత ఉందో చూసుకుని, మధ్య సైజు కంటే ఇంకొంచెం పెద్దదే అవుద్దనుకుని ఇంట్లో చోటు చూసుకోండి. వీళ్ళు ఎప్పుడూ పెద్ద సైజుదాన్నే తల్లిగా పెడతారు, చిన్న తల్లికి పెద్ద తండ్రి పిల్లలు పడితే ఈనడం ప్రాణం మీదకొస్తుంది అని. ఎత్తుల తేడా వల్ల సూదితోనే కట్టిస్తారట, మామయ్య గారికి ఇది విని ఇంకా సంతోషం.

ఇప్పుడు ఆ తీసేసిన స్టారు. అన్నీ ఇంత శుభ్రంగా చెప్పిన మనిషి ఎలర్జీ దగ్గరకి వచ్చేసరికి "ఎఫ్1బి అయితే ఆస్తమా ఉన్నవాళ్ళకి కూడా ఏమీ అవదమ్మా, గ్యారంటీ" అనేశారు. మా ఆడపడుచుకి దుమ్ము పడదు, ఆవిడ నెలకోసారైనా వచ్చి ఉంటారు, కాబట్టి నాకిది చిన్న మాట కాదు. కుక్క ఎలర్జీ వెంట్రుక వల్ల రాదు, దాని ఉమ్మిలో, చర్మం పొట్టులో ఉండే ప్రొటీన్ల వల్ల వస్తుంది, రాలని బొచ్చున్నా ఆ ప్రొటీన్ తయారవుతూనే ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 2012లో అచ్చయిన స్టడీలో లాబ్రడూడుల్, పూడుల్ లాంటి ఎలర్జీ రాదనే కుక్కల బొచ్చులో ఆ ప్రొటీన్ మిగతా కుక్కల కంటే తక్కువేమీ లేదని తేలింది, ఇంకా ఎక్కువే కనిపించింది.

అసలు లాబ్రడూడుల్ క్రాస్‌కి పేరొచ్చింది కూడా ఎలర్జీ వల్లే. 1989లో ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్ అనే ఆయన, హవాయిలో ఒక చూపులేని ఆవిడకి గైడ్ డాగ్ కావాలి, ఆవిడ భర్తకేమో కుక్క బొచ్చు పడదు అంటే, స్టాండర్డ్ పూడుల్‌కీ లాబ్రడార్‌కీ కట్టించారు. మూడు పిల్లలు పుట్టాయి, మూడిటి బొచ్చు, ఉమ్మి శాంపిల్స్ ఆ భర్త దగ్గరికి పంపిస్తే ఒక్కదానికే, సుల్తాన్ అని పేరు పెట్టిన పిల్లకే, ఆయనకి ఏమీ అవలేదు. చూడండి, మూడూ ఎఫ్1లే, ఒకే తల్లి ఒకే తండ్రి, అయినా ఒకటే పనికొచ్చింది. తర్వాత జనం ఎగబడి ఎలా పడితే అలా కట్టించి అమ్మడం చూసి అదే కాన్రన్ ఎందుకు మొదలెట్టానా అని బాధపడ్డారు కూడా. ఆయనకే మూడిట్లో ఒకటి పనికొస్తే, గ్యారంటీ అని ఇక్కడ మనం ఎలా అంటామండి. అక్కకి ఈ సంగతంతా చెప్పాను, ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత "సరే, మీ ఆడపడుచు గారిని తీసుకొచ్చి కుక్కల మధ్య కూర్చోబెట్టండి, పడకపోతే అడ్వాన్స్ వెనక్కిచ్చేస్తా" అన్నారు. అది న్యాయమైన మాట. ఆడపడుచు వచ్చి మేం అనుకున్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం అంతా కూర్చున్నారు, ఏమీ అవలేదు. మీ ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే వాళ్ళని ఆ పిల్ల దగ్గరే కూర్చోబెట్టండి, వేరే డూడుల్ దగ్గర కూర్చుంటే లెక్కకి రాదు.

మేం తీసుకున్నది ఎఫ్1బి ఆడపిల్ల, ఆప్రికాట్ రంగు, పేరు చిట్టి. 65 వేలు అయ్యింది, ఫోన్లో విన్న రేట్ల కంటే ఎక్కువే గానీ ఆ ఫైలు చూసాక బేరం ఆడబుద్ధి కాలేదు. 8 వారాలు నిండకుండా ఇవ్వం అన్నారు, 2017 కుక్కల పెంపకం రూల్స్ ప్రకారం కూడా అంతకంటే ముందు అమ్మకూడదు, స్టేట్ యానిమల్ వెల్ఫేర్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా గోడకి పెట్టి ఉంది. నులిపురుగుల మందు పట్టించి, మొదటి టీకా వేసిన కార్డు ఇచ్చారు. టీకాల్లో లెప్టో (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే జబ్బు) ఉన్నది వేయించమని గట్టిగా చెప్పారు, మన చేలల్లో ఎలుకలు, వర్షాకాలం నిలవ నీళ్ళు, కుక్క తాగక మానదు కాబట్టి అది మంచి సలహా.

బొచ్చు గురించి మాత్రం వాళ్ళు ఇంకా చెప్పాల్సింది, మన డెల్టాలో డూడుల్ పెంచడం అంటే దువ్వెనతో కాపురమే. ఎఫ్1 బొచ్చు ఎక్కువగా అలల్లా ఉంటుంది, కొంచెం రాలుతుంది, దువ్వడం తేలిక. ఎఫ్1బి బొచ్చు రింగులు తిరిగి రాలడం తగ్గుతుంది, రాలిన వెంట్రుక కింద పడకుండా బొచ్చులోనే చిక్కుకుని జడలు కడుతుంది. ఉక్కపోతకి, కాలవ గట్టు మీద తడికి రెండు రోజులు వదిలేస్తే చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద గట్టి ముద్ద అయిపోద్ది, పైపైన బ్రష్ పెడితే మెరుస్తుంది గానీ స్టీలు దువ్వెన వేళ్ళు చర్మం దాకా దిగవు. ఆ ముద్ద కింద చెమ్మ ఆగి చర్మం ఎర్రబడుతుంది, అక్కడే గోమార్లు దాక్కుంటాయి, టిక్ ఫీవర్ మనవైపు ఎంత ఉందో కుక్క పెంచే ఎవర్నడిగినా చెప్తారు. పల్లేరు కాయలు పట్టుకుంటే కత్తిరించడం తప్ప దారి లేదు. చెవులు వాలి ఉంటాయి, లోపల కూడా బొచ్చు, స్నానం అయ్యాక ఆరబెట్టకపోతే వాసనొచ్చి చీము పడుతుంది. పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వచ్చే టైములో, అంటే ఎనిమిది తొమ్మిది నెలలు దాటాక, జడలు ఇంకా ఎక్కువట. గ్రూమింగ్‌కి రాజమండ్రో కాకినాడో వెళ్ళాలి, ఆ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి. చేలో తిరిగే ఇల్లయితే, రోజూ కూర్చుని దువ్వే మనిషి లేకపోతే, నా సలహా ఎఫ్1 తీసుకుని బొచ్చు పొట్టిగా కత్తిరించి ఉంచుకోండి. ఇల్లు చిన్నది, బొచ్చు రాలితే ఇబ్బంది, దువ్వే ఓపిక ఉంది అంటే ఎఫ్1బి. ఎఫ్2 మాత్రం పిల్ల మొహం మీద ఫర్నిషింగ్స్ కళ్ళారా చూసాకే తీసుకోండి, ఉంటే అది కూడా మంచిదే.

తీసుకొచ్చాక కూడా ఫోన్ చేస్తే ఎత్తుతున్నారు, తిండి మార్చినప్పుడు విరేచనాలు అయితే ఏం పెట్టాలో రాత్రి పూట కూడా చెప్పారు. ఎఫ్1 ఈతలో ఇంకా మగపిల్లలు ఉన్నాయన్నారు, తల్లి గోల్డెన్, తండ్రి ఇదే ఆప్రికాట్. ఈ నల్ల తల్లికి మళ్ళీ వెంటనే కట్టించం, ఒక ఎద వదిలేస్తాం అన్నారు కాబట్టి ఎఫ్1బి కావాలంటే ఆగాలి. నంబర్ కావాల్సినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, వాళ్ళని అడిగి ఇస్తాను, ఆదివారం వెళ్ళకండి, ఆరోజు షెడ్డు కడుగుతారు, ఎవర్నీ లోపలికి రానివ్వరు.